కనబడని పనికి వెల

చదువవలసిన భాగములు: సామెతలు 20:14, యిర్మీయా 22:13, లూకా 10:7



సామెతల గ్రంథకర్త సంతలో నిలిచి కొనువానిని బాగుగా చూచినవాడు. బేరము కుదురువరకు కొనువాడు ఆ సరుకును తీసివేసి మాటలాడును. కుదిరిన తరువాత ఇంటికి పోవుచు, ఎంత చౌకగా తెచ్చితినోయని తన్ను తాను పొగడుకొనును. ఆ మనుష్యుని మనమందరము ఎరుగుదుము. కొన్నిసార్లు అతడు మనమే.

దర్శి ప్రాంతపు మన యిండ్లలో ఈ మాట తరచుగా వినబడు చోటు ఒకటి కలదు. కరెంటు పనివాడు పని ముగించి, చేతులు తుడుచుకొని, తనకు రావలసినది చెప్పునప్పుడు మన గుమ్మములో వినబడును. "ఏమయ్యా, పది నిమిషాల పనికి మూడు వందలా?" అందుము. అతడు నవ్వి ఊరకుండును, లేదా, "మీ ఇష్టం, పెద్దాయనా" అనును. మనము యాబది తగ్గించి యిచ్చి, తెలివిగా గడుపుకొంటిమని సంతోషింతుము. అతడు వెళ్లిపోవును. ఇది చిన్న సంగతివలె కనబడును గాని, ఇందులో మన నీతికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఉన్నది: ఒక మనుష్యుని చేతిపనికి న్యాయమైన వెల ఏది? దానిని నిర్ణయించువాడు ఎవడు?

ఈ అనుమానము ఎక్కడనుండి వచ్చినదో మొదట విచారింతము. పూర్వము మన పల్లెలలో వడ్లవానికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, తోలుపనివానికి ఒక్కొక్క పనికి విడిగా వెల చెప్పుకొను అలవాటు తక్కువ. ఏడాది పొడుగున వారు నాగలి చెక్కి, కర్రు సాగగొట్టి, చెప్పులు కుట్టి యిచ్చెడివారు. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లములో వారి మేర వారికి కొలిచి యిచ్చెడివారు. ఆ యేర్పాటులో అన్యాయము లేకపోలేదు. కొలుచు చేయి ఆసామిది. కళ్లము అంచున చేతులు కట్టుకొని నిలుచుట పనివాని వంతు. మన పితరులలో అనేకులు ఆ అంచున నిలిచినవారే. అయినను, ఏ పనికి ఎంత అను వాదము ప్రతి దినము గుమ్మము ముందు లేచెడిది కాదు.

కరెంటు పనివానికి అట్టి మేర ఎన్నడును లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినది. ఆ తరువాతి సంవత్సరములలో స్తంభములు ఒక్కొక్క పల్లెకే వచ్చినవి. వాటి వెంబడి ఈ క్రొత్త పనివాడును వచ్చెను. అతని పనికి తాతలనాటి కొలత లేదు. మీటరు వరకే సరఫరా సంస్థ బాధ్యత. మీటరు దాటిన తరువాత గోడలలోనిది అంతయు మనము పిలిచిన పనివాని చేతిలో ఉన్నది. కనుక వచ్చిన ప్రతిసారి వెల మాటలాడుకొనవలెను. ఆ పనిలోని మర్మము మనకు తెలియదు, అతనికి తెలియును. తెలియని చోట అనుమానము పుట్టుట సహజము. అయితే పుట్టిన అనుమానమును తీర్పుగా మార్చుటయే తప్పు.

పది నిమిషముల పనికి ఇంతయా అను ప్రశ్న మన ఊరిలోనే పుట్టినది కాదు. 1878వ సంవత్సరము నవంబరు నెలలో లండను న్యాయస్థానమున ఇదే ప్రశ్న వచ్చెను. విస్లర్ అను చిత్రకారుడు ఒక చిత్రమునకు 200 గినీలు వెల పెట్టగా, జాన్ రస్కిన్ అను గొప్ప రచయిత అతనిని ఎగతాళి చేసి వ్రాసెను. చిత్రకారుడు పరువునష్టపు దావా వేసెను. రెండు దినముల పనికా ఇంత సొమ్ము అని ఎదుటి న్యాయవాది అతనిని అడిగెను. కాదు, జీవితకాలమంతయు పనిచేసి సంపాదించిన తెలివికి అని అతడు ఉత్తరమిచ్చెను. దావా గెలిచెను గాని, అతనికి వచ్చిన పరిహారము ఒక్క ఫార్దింగు. అది అప్పటికి ఆ దేశములో అతి చిన్న నాణెము.

ఇందులో వింత యేమనగా, ఆ రస్కినే 1860లో పనివాని కూలిని గూర్చి పేరుపొందిన వ్యాసములు వ్రాసినవాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట ఉపమానములోని మాటలనే వాటికి పేరుగా పెట్టెను. గాంధీగారు 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణము చేయుచు ఆ పుస్తకము చదివి, న్యాయవాది పనికిని మంగలి పనికిని ఒక్కటే విలువయని దానివలన నేర్చుకొంటినని చెప్పిరి. పనివానికి న్యాయము జరుగవలెనని అంత చక్కగా వ్రాసిన కన్నులకే, ఒక పనివాని పనిలో కనబడని భాగము కనబడలేదు. కనుక న్యాయమును గూర్చి బాగుగా మాటలాడగల మనకును ఈ విషయమున జాగ్రత్త అవసరము.

కరెంటు పనిలో ఆ కనబడని భాగమేదో చూతము. తిరుగని ఫ్యానును విప్పి, చిన్న కెపాసిటరు మార్చి, మరల బిగించుటకు పది నిమిషములు చాలును. కాని పాడైనది కెపాసిటరే గాని వైండింగు కాదని తెలిసికొనుటకు ఎన్నేండ్లు పట్టినది? ఐ.టి.ఐ.లో చదివినవాడైతే రెండేండ్లు అక్కడ గడిపెను. చదువనివాడైతే ఇంకొకని వెంట నిచ్చెన మోసి, గోడలు చెక్కి, చాలీచాలని కూలితో అంతకంటె ఎక్కువ ఏండ్లు నేర్చుకొనెను. అతని సంచిలోని పనిముట్లు అతని డబ్బుతో కొన్నవి. బండికి పోసిన పెట్రోలు అతనిదే. వాన పడి పని దొరకని దినములకు ఎవరును అతనికి కూలి ఇయ్యరు. ఆ పది నిమిషముల వెలలో ఇవన్నియు ఉండవలెను; ఉండనిచో అతని పిల్లల అన్నములో తగ్గును.

ఇంకొకటి ఉన్నది. అతడు చేయు పనిలో మిక్కిలి ముఖ్యమైనది గోడలో పూడ్చబడి యుండును. దీపమునకు చాలిన తీగ ఏ.సి. యంత్రమునకు చాలదు. స్విచ్చి ఫేజు తీగమీద ఉండవలెను గాని న్యూట్రలుమీద ఉండరాదు. ఉన్నచో స్విచ్చి ఆపినను దీపము హోల్డరులో ప్రాణము తీయు శక్తి నిలిచియే యుండును. ఎర్త్ గుంటలో గొట్టము దించి, బొగ్గును ఉప్పును వేసి, మన ప్రాంతపు ఎండలకు నేల ఆరిపోయినప్పుడు నీరు పోయుచుండవలెను. కరెంటు దారి తప్పి 30 మిల్లీ ఆంపియర్ల మేరకు నేలకు జారగానే సరఫరాను తెంచివేయు పరికరము ఇప్పుడు దుకాణములలో దొరకుచున్నది. ఇవి ఉన్నను లేకున్నను దీపము ఒక్కటే రీతిగా వెలుగును. ఒకనాడు తడిచేతితో బిడ్డ ఇనుప పెట్టెను, స్నానపు గదిలో తల్లి నీళ్ల యంత్రమును ముట్టిన క్షణమున మాత్రమే భేదము తెలియును. అప్పుడు తెలిసినందువలన ప్రయోజనము లేదు.

అందుచేత, వెల తగ్గించుమని మనము పట్టుపట్టునప్పుడు, ఏది తగ్గించుమని అడుగుచున్నామో మనకే తెలియదు. అతడు దీపమును తగ్గించలేడు. అది మనకు కనబడును. తగ్గించగలిగినది గోడలోనిదే. పదునైన బేరము ఆడి మన బిడ్డల భద్రతనే అమ్ముకొనుచుండవచ్చును.

ఇప్పుడు మన పొలములవైపు చూతము. మిరపకాయలు టిక్కీలకు ఎత్తి, లారీకి బాడుగ ఇచ్చి, గుంటూరు యార్డుకు పోయిన రైతు ఏమి వినును? తేమ ఉన్నదందురు, తాలు కలిసినదందురు, రంగు లేదందురు. ఏడాది కష్టమును గుప్పెడు కాయలు పట్టి చూచి ఒక క్షణములో వెల కట్టుదురు. అమ్మువాడు తన సరుకుకు తాను వెల చెప్పలేడు. సాయంత్రము రైతు, "మా కష్టము వారికేమి తెలియును?" అని కన్నీళ్లతో తిరిగి వచ్చును. అతని దుఃఖము న్యాయమైనది. అయితే ఇంటికి వచ్చిన ఆ రైతే మరునాడు మోటారు బాగుచేసిన పనివానితో, "తీగ అంటించుటకు ఇంతయా?" అనును. యార్డులో తనకు జరిగినది తన గుమ్మములో తానే ఇంకొకనికి చేయుచున్నాడు. మనుష్యులు మీకేమి చేయవలెనని కోరుదురో అది మీరు వారికి చేయవలెనను ప్రభువు ఆజ్ఞకు ఇంతకంటె సమీపమైన ఉదాహరణము మాకు తోచలేదు.

పనివారికిని చెప్పవలసినది కలదు. మన సంఘములలోని యౌవనులు అనేకులు ఈ పనిలో ఉన్నారు గనుక దాచక చెప్పుదుము.

ఇంటి వైరింగునకు వెల కట్టుటలో నాలుగు పద్ధతులు వాడుకలో ఉన్నవి. ఒకటి, పాయింటుకు ఇంత అనుట. రెండవది, చదరపు అడుగుకు ఇంత అనుట. మూడవది, రోజు కూలి. నాలుగవది, సరుకుతో సహా గుత్తకు ఒప్పుకొనుట. ఇవన్నియు న్యాయముగా నడువగలవు. దేని శోధన దానికున్నది. పాయింటు లెక్కలో పాయింట్లు పెరుగును, చేయి తొందరపడును. అడుగుల లెక్కలో పెద్ద గదికిని ఇరుకు గదికిని ఒకే కొలత పడును. రోజు కూలిలో దినములు సాగును. గుత్తలో తీగ సన్నబడును. కనుక పద్ధతిని మార్చినంతమాత్రమున నీతి రాదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము సంచిలో రెండు రకముల తూనికరాళ్లు ఉంచుకొనరాదని కట్టడ చేసెను. తీగల చుట్టలకును అదే కట్టడ.

వీటన్నిటికంటె లోతైన శోధన దుకాణములో ఉన్నది. యజమాని పనివాని వెంట వచ్చి తీగలు, స్విచ్చులు కొనును. తరువాత పనివానికి దుకాణదారుడు వేరుగా కొంత ఇచ్చును. కొన్ని కంపెనీలు తీగల పెట్టెలలో బహుమానపు చీట్లు పెట్టును. ఆ డబ్బు ఆకాశమునుండి పడలేదు. యజమాని సంచినుండి వచ్చినదే. ఇది ఎందుకు జరుగుచున్నదని పనివారిని అడిగినచో, కూలి అడిగితే ఇయ్యరు, సరుకులో వచ్చినది ఎవరును అడుగరు అందురు. యజమానులను అడిగినచో, ఎటును సరుకులో తినుచున్నాడు గదా, కూలి ఎందుకు పెంచవలెను అందురు. ఒకరి అనుమానము ఇంకొకరి దాపరికమును పోషించుచున్నది, ఆ దాపరికము తిరిగి అనుమానమును పోషించుచున్నది. ఇద్దరును నష్టపోవుచున్నారు, యజమానికి డబ్బు మిగులలేదు, పనివానికి పేరు మిగులలేదు.

ఈ ముడి విప్పుటకు ఎవడో ఒకడు మొదట నిజము పలుకవలెను. పనివాడు ధైర్యముగా, "సరుకు మీరే కొనండి, నాకు ఏ దుకాణంలోనూ వాటా లేదు, నా కూలి మాత్రం ఇంత" అని చెప్పగలిగినచో, అతని కూలి ఎక్కువగా కనబడును. మొదట కొన్ని యిండ్లు పోవచ్చును. యజమాని ఆ మాట నమ్మి, ఆ కూలిని గొణుగక ఇచ్చినచో, ఆ యింటివరకైనను ముడి విడిపోవును.

అట్లే, ఎదుటివాని ఆపదను చూచి వెల పెంచుట పనివానికి తగదు. మిరపతోటకు తడి పెట్టవలసిన రాత్రి మోటారు కాలిపోయిన రైతు ఎంతయైనను ఒప్పుకొనును. ఆ ఒప్పుదల బేరము కాదు, అతని భయము. రాత్రి వచ్చినందుకు, వర్షములో వచ్చినందుకు ఎక్కువ అడుగుట న్యాయమే. అది పనివాని కష్టమునకు వెల. రైతు ఏడ్చుచున్నాడని ఎక్కువ అడుగుట మాత్రము ఇంకొకని కన్నీటికి వెల కట్టుట. మోటారుకు రాగి చుట్టితినని చెప్పి అల్యూమినియము చుట్టుట తిన్నగా దొంగతనమే. దానికి వేరు పేరు లేదు.

ఇక చేతిపనివానిని మనము చూచు చూపును గూర్చి ఆలోచింతము. వైద్యుడు నాలుగు మాటలు మాటలాడి చీటి వ్రాసినప్పుడు రుసుము ఎందుకని అడుగము. మసి అంటిన చేతులతో ఉన్నవానిని మాత్రము అడుగుదుము. మార్కు సువార్త 6వ అధ్యాయములో నజరేతువారు ప్రభువును చూచి అభ్యంతరపడినప్పుడు, ఆయన వడ్లవాడను సంగతిని ముందు పెట్టిరి. తమ ఊరిలో పనిముట్లు పట్టినవానికి అంత జ్ఞానమెట్లు వచ్చునని వారి ఆశ్చర్యము. ఆ చూపు వారిని దీవెనకు దూరము చేసెను. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలు చేతికి పనితనము దేవుని ఆత్మ వలన వచ్చినదని చదువుచున్నాము. చేతినేర్పును తక్కువగా చూచుట ఇచ్చినవానిని తక్కువగా చూచుటయే.

ఈ సంగతి మనకు ఇతరులకంటె బాగుగా తెలిసియుండవలెను. మన ప్రాంతపు సంఘముల ఆరంభము చేతిపనివారిలోనే కలిగినది. తోలు పదును చేసి, చెప్పులు కుట్టి, కపిల తోలుటకు తోలు సంచులు చేసిన మన పితరులు లేక ఏ రైతుకును పంట లేదు. అయినను వారిని ఊరి వెలుపల ఉంచిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి, చేసిన పనికి కూలి చెల్లించిరి. ఆ కూలి కొరకు ఎవరును మతములో చేరరాదని కరవు దినములలో బాప్తిస్మములను ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లిలో ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందున్న సంగతిని కూడ చెప్పుకొనవలెను: కూలి కూలిగా, కృప కృపగా ఉండవలెను. వాటిని కలుపరాదు.

ఈ భేదమే ఈ విషయమంతటికి కీలకమని మాకు తోచుచున్నది. వెల యొకటి, దానము ఇంకొకటి. రెండును మంచివే. పేద విధవరాలి యింటిలో ఒక్క దీపము బాగుచేసి, "వద్దులే, అమ్మా" అని వెళ్లు పనివాడు దేవుని యెదుట దానము చేయుచున్నాడు. ఆ దానము చేయు అధికారము అతనిదే. మనము బేరమాడి అతని చేతినుండి లాగికొన్నది దానము కాదు. ఆదికాండము 23వ అధ్యాయములో ఎఫ్రోను పొలమును ఊరకయే ఇచ్చెదనని అబ్రాహాముతో అనెను. అబ్రాహాము ఆ మాటను ఆధారము చేసికొనక, వెల అడిగి, జనుల యెదుట 400 తులముల వెండి తూచి యిచ్చెను. పేదవాడు నిండు వెల ఇయ్యలేనప్పుడు కూడ, "అన్నా, నా దగ్గర ఇంతే ఉంది" అని నిజము చెప్పుట ఒకటి. "నీ పనికి ఇంతే విలువ" అని చెప్పుట వేరొకటి. మొదటిది విన్నపము, రెండవది అవమానము.

దుఃఖకరమైన సంగతి యేమనగా, ఈ భేదమును మందిరములోనే మరచిపోవుచున్నాము. క్రిస్మసుకు దీపములు కట్టవలెను, మైకు పెట్టవలెను, క్రొత్త మందిరమునకు వైరింగు చేయవలెను. సంఘములో కరెంటు పని తెలిసిన యౌవనుడు ఉన్నచో, దేవుని పని గదాయని అతని దినములు తీసికొందుము. సిమెంటు దుకాణదారునికి, ఇటుకల వానికి డబ్బు ఇచ్చిన సంఘము ఆ యౌవనునికి దండ వేయును. అతడు మనస్ఫూర్తిగా ఇచ్చినచో స్తోత్రము. కాదనుటకు జంకి ఇచ్చినచో, యిర్మీయా 22వ అధ్యాయములోని శ్రమ మన మందిరపు గోడలమీదికి వచ్చును. యెహోయాకీము పొరుగువానిచేత ఊరక పని చేయించుకొని నగరు కట్టుకొన్నందుకే ప్రవక్త అతనికి శ్రమ అనెను. 2 రాజులు 12వ అధ్యాయములో యోవాషు రాజు దినములలో మందిరము బాగుచేసిన వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్లు చెక్కువారికి కానుకల సొమ్మునుండి కూలి చెల్లించిరి. ఆ సొమ్ము అప్పగింపబడినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని అక్కడ వ్రాయబడినది. నిండు కూలి, నిండు నమ్మకము ఒక్కచోట నివసించిన కాలము అది.

కనుక మనము చేయవలసినది కష్టమైనది కాదు. పని మొదలుపెట్టకముందే వెల అడుగుదము; ముగిసిన తరువాత తగ్గింపకుందము. సరుకునకు వేరుగా, చేతికి వేరుగా లెక్క అడిగి వ్రాయించుకొందము. ఎక్కువయని తోచినచో, అందులో ఏమున్నదో మర్యాదగా అడుగుదము. పనివాడు ఓపికగా చెప్పవలెను. ఇంకొకనిని పిలుచుకొను స్వతంత్రము మనకున్నది, పని చేయించుకొని తగ్గించు స్వతంత్రము లేదు. కూలివాని కూలి తెల్లవారువరకు మనయొద్ద నిలువరాదని లేవీయకాండము 19వ అధ్యాయము చెప్పుచున్నది గనుక, పంట అమ్మిన తరువాత చూతములే అని నెలలు త్రిప్పకుందము. ఎర్త్ వేయుమని, మంచి తీగ వేయుమని మనమే అడిగి, దాని వెల మనమే ఇత్తము. పనివారును, ఎవరును చూడని గోడలో చేసిన ముడిని అందరును చూచు దీపమంత శ్రద్ధగా చేయుదురు గాక.

పనివాడు తన జీతమునకు పాత్రుడని ప్రభువు సెలవిచ్చెను. ఆ జీతమును ఎవని చేతికి ఇచ్చినను, అది కూలియైతే బాకీ తీర్చినట్లు వెంటనే ఇయ్యవలెను. దానమైతే అడుగకయే ఇయ్యవలెను. ఈ నెలలో మీ గుమ్మములో చేతులు తుడుచుకొనుచు నిలిచిన పనివాడు తన వెల చెప్పునప్పుడు, నోరు తెరువకముందు ఒక్క క్షణము అతని చేతులవైపు చూడుడి.